కొట్టేసిన పేరు కింద చుక్కలు

ఆటోనగర్‌లో మా పత్రిక ఆఫీసుకి ఒక పక్క లారీలకు బాడీలు కట్టే షెడ్డు, ఇంకో పక్క స్ప్రింగు పట్టీల దుకాణం ఉండేవి. ఆ సుత్తి దెబ్బల మధ్యే జిల్లా పేజీలు దిద్దేవాళ్లం. ప్రూఫులు చూడటంతో ఉద్యోగం మొదలుపెట్టిన నేను, రెండువేల సంవత్సరం దాటేసరికి జిల్లా డెస్కు చూస్తున్నాను. మండలాల విలేకర్లందరి మంచీచెడూ నాదే.

వాళ్ల రాతలూ ఫొటోలూ దాచడానికి ఆఫీసులో ఒక సర్వర్ ఉండేది. ఒక్కొక్కరికీ అందులో ఒక ఫోల్డరు, దాన్ని తెరవడానికి ఒక పేరు, ఒక పాస్‌వర్డు. కొత్త మనిషి చేరినప్పుడల్లా, కంప్యూటర్లు చూసే మా సిస్టమ్స్ ఆయన కూర్చుని ఇవన్నీ చేత్తో చేసేవాడు. పాస్‌వర్డు ఏం పెట్టమంటారని అడిగితే అందరూ తమ ఊరి పేరే చెప్పేవారట. “తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే వేలాడదీసుకుంటారండీ మీవాళ్లు” అని నన్ను దెప్పేవాడు.

పామర్రు విలేకరి ప్రతి గురువారం బస్సెక్కి వచ్చేవాడు. వార్తలు ఫ్యాక్సులో పంపేవాడు కాబట్టి నిజానికి రానక్కర్లేదు. వచ్చేది తన సొంత రాత కోసం. ఆయన భార్య కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇంట్లో పుట్టింది. చదువుకోలేదు. చిన్నప్పుడు తల్లి వెంట చేపల గంపతో తిరిగిన ఊళ్లు, నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు పడవలో పొయ్యి పెట్టుకుని వండుకున్న అన్నం, వలలో పడి చనిపోయిన కొంగని చూసి తండ్రి ఆ పూట ముద్ద ముట్టకపోవడం, ఇలాంటివి ఆమె చెబుతుంటే వారమంతా విని, గురువారం వచ్చి టైపు చేసి తన ఫోల్డరులో దాచుకునేవాడు. అప్పట్లో మా తెలుగు టైపు ఆఫీసు కంప్యూటర్లలోనే ఉండేది. ఆ ఫైలు బయట ఎక్కడ తెరిచినా పిచ్చి గీతలు కనిపించేవి. రెండు వేళ్లతో గట్టిగా కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే డెస్కులో ఎవరో ఒకరు, పామర్రు పోస్టాఫీసు తెరిచారు, ముద్రలు పడుతున్నాయి అనేవారు. ఆయన తలెత్తకుండా నవ్వేవాడు.

రెండేళ్లు అలా సాగింది. నాకు ఒక్క పేజీ చూపించలేదు. అడిగితే, “పూర్తయ్యాక ముందు ఆవిడకి చదివి వినిపించాలి గురువుగారూ. మీ ఎర్ర పెన్ను ఆ తర్వాతే” అన్నాడు. ఒక కాపీ ఫ్లాపీలో పెట్టుకోమన్నాను. ఫ్లాపీలు చెడిపోతాయనీ, ఆఫీసులో ఉన్నది ఎక్కడికీ పోదనీ అన్నాడు.

ఒక వానాకాలం, నాట్లు పడే రోజుల్లో, ఆయన కామెర్లు ముదిరి చనిపోయాడు. పామర్రు వెళ్లాను. వచ్చినవాళ్లందరూ లేచాక ఆయన భార్య నా దగ్గరికి వచ్చి, ఆయన రాసింది ఆఫీసులో ఉందా అని మెల్లగా అడిగింది. ఉంది, కాగితాల మీదకి ఎక్కించి ఉంచుతాను, తేరుకున్నాక వచ్చి తీసుకెళ్లమ్మా అని చెప్పాను. ఆ పని మర్నాడే చేయవచ్చు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను.

ఆ నెల్లోనే పాత సర్వర్ బదులు కొత్త స్టోరేజీ పెట్టె వచ్చింది. ఎవరు లోపలికి వచ్చినా అది ముందు హెడ్డాఫీసులోని పేర్ల పట్టికను, వాళ్లు డైరెక్టరీ అనేదాన్ని, అడిగి అప్పుడే తలుపు తీస్తుంది. ఆ పట్టికలో మా విలేకర్లనందరినీ చేర్చాలి. చేత్తో చేస్తే వారం పడుతుందని సిస్టమ్స్ ఆయన ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. వరసకో పేరు చొప్పున జాబితా ఇస్తే చాలు, ఖాతా, ఫోల్డరు, ఎవరు ఏది తెరవచ్చో, అన్నీ అదే చేసి, జాబితాలో ఉన్నవాళ్ల పాత ఫైళ్లు కూడా కొత్త పెట్టెలోకి మార్చేస్తుంది. నా చేతికి అచ్చు జాబితా ఇచ్చి, ఉండకూడని పేర్లు కొట్టేయమన్నాడు.

పామర్రు దగ్గరకొచ్చేసరికి నా పెన్ను దానంతట అదే గీత గీసింది. పోయినవాళ్ల పేరు జాబితాలో కొట్టేయడం మాకు అలవాటు. వెంటనే ఫోల్డరు గుర్తొచ్చి, కొట్టేసిన పేరు కింద చుక్కలు పెట్టాను. ప్రూఫుల్లో దానర్థం, పొరపాటున కొట్టాం, ఉన్నది ఉన్నట్టే ఉంచండి అని. పాతికేళ్లుగా ఆ చుక్కలు పెడుతున్నాను. కంపోజింగ్‌లో ఒక్కరు కూడా వాటిని కాదనలేదు.

ప్రోగ్రాం నడిచింది. వారం పని మేము టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. అందరం మెచ్చుకున్నాం. పాత సర్వర్ డిస్కుల్లో ఉన్నదంతా చెరిపేసి వేరే ఎడిషన్‌కి పంపేశారు.

మరో రెండు వారాలకు ఆమె వచ్చింది. గురువారమే వచ్చింది. కుర్చీ వేసి, ఇప్పుడే తీసిస్తానని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కంకిపాడు కనిపించింది, మిగతా మండలాలన్నీ కనిపించాయి. పామర్రు లేదు. సిస్టమ్స్ ఆయన్ని పిలిచాను. ఆయన వెతికి, లోపలికెళ్లి, ఆ జాబితా తెచ్చి నా ముందు పెట్టాడు.

“కొట్టేసింది మీరే కదండీ.”

“కింద చుక్కలు చూడండి.”

ఆయన కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. “పెన్ను పడక రుద్దారేమో అనుకున్నానండీ” అన్నాడు. ఆయన పత్రికల నుంచి వచ్చినవాడు కాదు. నేను నోటితో ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఆమెకి అన్నీ చెప్పాను. గీత నాదేనని కూడా చెప్పాను. జాబితా ఆమె ముందే ఉంది. భర్త పేరు ఎక్కడుందని అడిగింది. చూపించాను. ఆ పేరు మీద వేలు పెట్టి, చుక్కల మీదుగా ఒకసారి జరిపింది.

“నేను చెప్పినవి నాకు గుర్తున్నాయండీ. అవెక్కడికి పోతాయి” అంది. కాగితం నా వైపు తోసి, “ఆయన వాటినెలా రాశాడో అదే వినలేదు” అంది.

ఆమెను పామర్రు బస్సు ఎక్కించి వచ్చాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏదైనా ఉంచమనాల్సి వస్తే పక్కన మాటల్లోనే రాశాను.