పత్తిలో బూడిద ఎంత?

మా చిన్నతనంలో ఒక్కో మాటకు ఒక్కో మనిషి ఉండేవాడు. కంపౌండర్ అంటే సైకిల్ మీద వచ్చే సూదుల సారు, కండక్టర్ అంటే పెద్దపల్లి బస్సులో చెవి వెనుక పెన్సిల్ పెట్టుకునే బక్కాయన, అనలిస్ట్ అంటే మా మేనమామ. మామ శ్రీరాంపూర్ బొగ్గు గనుల దగ్గర ల్యాబులో పనిచేసేవాడు. గనిలోంచి వచ్చిన బొగ్గును దంచి, తూచి, కాల్చి, బూడిద ఎంత మిగిలిందో కాగితం మీద రాసేవాడు. మంథనిలో మా వాడకట్టంతా ఆయనను 'అనలిస్ట్ మామ' అనే పిలిచేది. ఆ మాటకు ఈ భూమ్మీద ఇంకో అర్థం ఉండగలదని మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే నా బతుకు ఇంకో తీరుగా ఉండేది (బహుశా ఎడారిలో).

మొన్న కరీంనగర్‌లో మా మనుమరాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఫైనాన్స్ కంపెనీలో అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చింది. పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంట్లో తొడుక్కునే పూల పైజామా. అయిపోయాక కుర్చీ వెనక్కి తిప్పి, "ఇంకా మూడు రౌండ్లున్నయంట తాతా. నీ కాలంల ఎట్లుండె?" అని అడిగింది. నేను లేచి బీరువా తెరిచి పాత డైరీలు తీశాను. రోజూ డైరీ రాసేవాడికి ఒక సుఖం ఉంది, ఏదీ మరిచిపోడు. ఒక కష్టమూ ఉంది. జరిగినదాన్ని తనకు నచ్చినట్టు దిద్దుకుని చెప్పుకునే వీలుండదు.

డిగ్రీ అయిన తరువాత నేను నాలుగు ఇంటర్వ్యూలకు పోయి నాలుగింటిలోనూ తప్పాను. ప్రతిదానికీ డైరీలో కారణం రాసుకున్నాను. మొదటిది: 'బస్సు ఆలస్యం.' రెండోది: 'సార్ నా పేరు అడిగితే మా నాయన పేరు చెప్పినాను.' మూడోది: 'ఇంగ్లీషు.' నాలుగోది: 'కారణం తెలియదు.' (అన్నిటికన్నా ఈ నాలుగోదే ఎక్కువ బాధపెట్టింది. మొదటి మూడింటిని దిద్దుకోవచ్చు.) నాలుగు చోట్లా ఒకే మాట చెప్పి పంపారు: "మీరు వెళ్ళొచ్చు, కబురు పంపుతాం." ఒక్క కబురూ రాలేదు.

ఈలోపల దుబాయిలో ఉన్న మా అన్న నుంచి మాత్రం కబురు వచ్చింది. తనతో పాటు ఇళ్ళు కట్టే పనిలో నాకూ వీసా దొరుకుతుందని, పాస్‌పోర్టుకు పెట్టమని ఉత్తరం రాశాడు. బాపు (మా నాయన) ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకుని అంగీ జేబులో పెట్టుకున్నాడు. నాకు ఎత్తంటే భయం. మా ఇంటి అటకెక్కి బెల్లం కుండ దించమన్నా నిచ్చెన రెండో మెట్టు మీదే ఆగిపోయేవాణ్ని. పది అంతస్తుల గోడ మీద నిలబడి ఇటుకలు పేర్చడం తలుచుకుంటేనే చెమటలు పట్టేవి. ఆ సంగతి బాపుతో చెప్పలేక డైరీతోనే చెప్పుకున్నాను.

ఆ వారంలోనే బాపు బస్టాండు హోటల్ నుంచి పేపర్ ముక్క ఒకటి తెచ్చాడు. 'అనలిస్టులు కావలెను. ఏదైనా డిగ్రీ. ఇంటర్వ్యూ కరీంనగర్‌లో' అని ఉంది. బాపు నా వీపు మీద ఒక్కటి చరిచి, "సూడు! మీ మామ పనే! గిది గూడ రాకపోతివా, ఇగ నన్నేమనకు, సక్కగ గాలిమోటర్ ఎక్కుడే" అన్నాడు. అవ్వ (మా అమ్మ) ఆ పూటే నా సంచిలో రెండు జతల బట్టలు పెట్టి శ్రీరాంపూర్ పంపింది.

ప్రకటనలో కంపెనీ పేరు చివర 'ఫైనాన్స్' అని ఉండటం నేను గమనించకపోలేదు. పద్ధతిగా ఉండేవాణ్ని కాబట్టి మామనే అడిగాను. మామ చాయ సాసర్‌లో పోసుకుంటూ, "పిచ్చోడా, పైసలున్నోనికే బొగ్గు మీద అనుమానం ఎక్కువుంటది. గందుకే వానికి అనలిస్ట్ గావాలె. ఫికర్ జెయ్యకు అల్లుడా, నీకు పని నేను నేర్పుత" అన్నాడు. ఈ వివరణ నాకు చాలా సబబుగా తోచింది. డైరీలో ఎక్కించుకున్నాను కూడా.

పదిహేను రోజులు మామ క్వార్టర్‌లో చదువు. పొద్దున తడి గురించి, సాయంత్రం బూడిద గురించి. అన్నిటికన్నా ముఖ్యం నమూనా తీయడం. బొగ్గు బండిలో పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి తీయాలి. కంటికి నచ్చిన పెళ్ళ ఏరుకోవద్దు. అన్నీ దంచి, కలిపి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారేసి, మిగిలినవి మళ్ళీ కుప్ప పోయాలి. చివరికి గుప్పెడు మిగిలేదాకా ఇదే పని. ఇంట్లో బొగ్గు వద్దని అత్త అంటే మామ ఆమె కందిపప్పు మీదే నాతో సాధన చేయించాడు. అత్త వచ్చి చూసేసరికి రెండు కుంచాల పప్పులో గుప్పెడు మాత్రం పళ్ళెంలో ఉంది, మిగతాదంతా వాకిట్లో ఉంది.

"గా పారేసిన పప్పు ఎవలు తినాలె? మీ అక్కనా?" అంది అత్త.

"ఊకో. పోరని నౌకరి సంగతి," అన్నాడు మామ.

"గిట్లనే ఇంకో వారం నేర్పు. వానికి నౌకరి వచ్చేటాలకు మనకు తిండి ఉండది!"

బయలుదేరే రోజు మామ చొక్కా జేబులో ఒక కాగితం పొట్లం పెట్టాడు. "దంచిన బొగ్గు. ప్రాక్టికల్ పెడుతరు. వాళ్ళ బొగ్గును నమ్మకు, మనది మనకుండాలె." ఆ రోజు డైరీలో పొద్దున్నే ఇలా రాశాను: 'అయిదవ ఇంటర్వ్యూ. ఏమైనా సరే, పని వచ్చేదాకా కుర్చీలోంచి లేవను.' కింద గీత కూడా గీశాను.

కరీంనగర్‌లో ఒక లాడ్జి మేడ మీద హాలు. పదిహేను మంది దాకా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నా పక్కన హుస్నాబాద్ నుంచి వచ్చినాయన, మెడలో అరువు తెచ్చుకున్న టై (దాని లోపలి వైపు ఇంకెవరి పేరో దారంతో కుట్టి ఉంది). చేతిలో కాగితాలు తిప్పుతూ మెల్లగా నా వైపు వంగాడు.

"అన్నా, బ్యాలెన్స్ షీటు మంచిగొస్తదా నీకు?"

"షీటు సంగతి తెల్వది గని, బ్యాలెన్స్ వస్తది. మిల్లీగ్రాముల దాకా తేడా రాకుండ జూస్తా," అన్నాను. మామ ల్యాబులో అద్దాల పెట్టెలో ఉండే త్రాసును తలుచుకుని నిజమే చెప్పాను.

ఆయన ముఖం పాలిపోయింది. "గంత లోతుకు పోయినవా! ఏ పుస్తకమన్నా?"

"పుస్తకం గాదు. మా మామ."

పాపం, ఆయన తన కాగితాలు మూసేసి, టై వదులు చేసుకుని, "నేను తిప్పలవడి వచ్చిన గని నాకు రాదన్నా" అని కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాడు. ఆయన్ను అంత బెదరగొట్టానని నాకు ఆరోజు తెలియదు. తెలిసిన తరువాత చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను.

లోపల ఇద్దరు సార్లు. ఒకాయన పెద్దాయన, కళ్ళజోడు, మెత్తని గొంతు. ఇంకొకాయన పడుచువాడు, మాటిమాటికీ గడియారం చూసేవాడు. కళ్ళజోడు సార్ నా సర్టిఫికెట్లు తిరగేసి, "చెప్పండి, ఒక కంపెనీని అనలైజ్ చేయమంటే మొదట ఏం చేస్తారు?" అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఏ కంపెనీదైనా సార్, మొదలు ఎండబెట్టాలె. చెమ్మ ఉంటె లేని బరువు కనబడుతది. చెమ్మ పోయినంక తూస్తే అసలు సంగతి తెలుస్తది."

కళ్ళజోడు సార్ వెనక్కి వాలారు. "అంటే పైపై హంగులు తీసేసి చూడాలంటారు. బాగా చెప్పారండీ. ఆ తరువాత?"

"కాల్చాలె సార్."

"కాల్చాలా?"

"కాలిస్తేనే ఎంత నిలుస్తదో, ఎంత బూడిదో బయటపడుతది."

"కష్టకాలం పెట్టి చూడాలన్నమాట," అని ఆయన పక్కాయనకు చెప్పారు. పక్కాయన మొదటిసారి గడియారం మీంచి చూపు తిప్పాడు. నేను లోలోపల మామకు దండం పెట్టుకున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు అలాగే నడిస్తే ఈ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు. కానీ పడుచు సార్ నోరు విప్పాడు.

"లిక్విడ్ ఆసెట్స్ గురించి చెప్పండి."

"మూడు సార్," అన్నాను తడుముకోకుండా. "హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, నైట్రిక్. మూడింటినీ గాజు సీసాలనే పెట్టాలె. ఆసిడ్ల నీళ్ళు పొయ్యొద్దు, నీళ్ళల్లనే ఆసిడ్ పొయ్యాలె. చేతికి తాకితే వెంటనే కడుక్కోవాలె."

కళ్ళజోడు సార్ కళ్ళజోడు తీశారు. "ఆసిడ్స్ కాదండీ, ఆసెట్స్. ఆస్తులు. కావాలంటే వెంటనే డబ్బుగా మారే ఆస్తులు. ఇంతకీ మీరు ఏ ఉద్యోగానికి వచ్చారు?"

"బొగ్గు చూసే ఉద్యోగానికి సార్," అని జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. చెమటకు తడిసిన కాగితం ఎప్పుడో చిరిగింది. సగం పొడి వాళ్ళ తెల్ల కాగితాల మీద పడింది. నేను కంగారుగా చేత్తో తుడిచాను. దాంతో మిగతా కాగితాలకు కూడా అంటింది. ఆ చేత్తోనే ముఖం తుడుచుకున్నాను. పడుచు సార్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దగ్గు ఆపి, "సరే, మీరు వెళ్ళొచ్చు, కబురు పంపుతాం" అన్నాడు.

అయిదోసారి అదే మాట. బాపు జేబులోని ఉత్తరం, పది అంతస్తుల గోడ, పొద్దున గీసిన గీత అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకు వచ్చాయి. రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాను.

"నేను పోను సార్."

"ఏంటీ?"

"లేవనని రాసుకున్న. లేస్తే మా బాపు గాలిమోటర్ ఎక్కిస్తడు. నాకు ఎత్తంటే బుగులు సార్. ఒక్క ప్రశ్న, జర తెలుగుల అడుగుండ్రి. రాకుంటె నేనే పోత."

పడుచు సార్ నౌకరును పిలవబోయాడు. కళ్ళజోడు సార్ చేయి అడ్డం పెట్టి, నవ్వకుండా, కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "సరే. ఆదిలాబాద్‌లో ఒక పత్తి మిల్లు ఉంది. గోదాము నిండా సరుకు ఉందని యజమాని కాగితం చూపించాడు. ఆ మాట మీద మేం ఆయనకు డబ్బు ఇవ్వాలి. మిమ్మల్ని పంపాం. ఏం చేస్తారు?"

ఇది నాకు వచ్చు. అత్త కందిపప్పు సాక్షిగా వచ్చు. "ఆయన చూపెట్టిన బస్తా ముట్ట సార్. పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి నేనే తీయిస్త. మూలలకు పోత. మంచిగ కనబడేదాన్ని ఏరుకోను. అన్ని కలిపి నాలుగు పాళ్ళు జేసి రెండు పారేస్త. మిగిలిందాంట్ల సగం చూస్త, సగం సీలు వేసి పెడుత. రేపు ఆయన కాదంటే ఇప్పి చూపెట్టనీకి."

"ఆయన చాలా మంచివాడు. చాయ ఇచ్చాడు, మర్యాద చేశాడు. అడుగు బస్తా తీయాలంటే పైవన్నీ దించాలి, వద్దులే బాబూ అన్నాడు. అప్పుడు?"

"చాయ తాగుత సార్. తాగి, అడుగు బస్తా తీయిస్త."

కళ్ళజోడు సార్ పడుచు సార్ వైపు తిరిగారు. "పొద్దున్నుంచి వచ్చిన వాళ్ళందరూ కాగితం చదువుతామన్నారు. బస్తా కింద చెయ్యి పెడతానన్నవాడు ఇతనొక్కడే." తరువాత నాతో మెల్లగా, "ఇక లేవండి. ఈసారి కబురు నిజంగానే పంపుతాం. ముందు ముఖం కడుక్కోండి" అన్నారు.

కబురు వచ్చింది. ఉద్యోగం పేరు అనలిస్ట్ కాదు, 'ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్, ఆదిలాబాద్'. బాపు జేబులోంచి అన్న ఉత్తరం తీసి నా చేతికిచ్చి, "తీ, దాసుకో. గాలిమోటర్ తప్పింది పో" అన్నాడు. ఆదిలాబాద్‌లో మిల్లుల వాళ్ళు నన్ను చూడగానే మరాఠీ కలిపి, "కాయ్ సాహెబ్, ఇయ్యాల గూడ అడుగు బస్తేనా?" అని తల పట్టుకునేవారు. వాళ్ళ చాయ తాగాను, బస్తాలు దింపించాను. అదే పని మీద రిటైర్ అయ్యాను.

అది కాల్చి బూడిద తూచే పని కాదని మామకు మాత్రం నేను చెప్పలేదు. మొదటి దసరాకు ఆయన మంథని వచ్చి, వాకిట్లో పది మంది ముందు, "ఏమాయెరా అల్లుడా, పత్తిల బూడిద ఎంతొస్తది?" అని గర్వంగా అడిగాడు. పదిహేను రోజులు చదువు చెప్పిన మనిషి. అత్త పప్పు ఖర్చు చేసిన మనిషి. నేను "నూటికి రెండు మామా" అన్నాను. ఆయన పొంగిపోయాడు. "రెండే! మాకు ముప్పై దాటుతది. నీది రాజా నౌకరి పో!" ఆ తరువాత ప్రతి దసరాకూ అదే ప్రశ్న. చెప్పిన అంకె మారకూడదని నేను ప్రతిసారీ డైరీలో రాసి పెట్టుకునేవాణ్ని: 'మామకు చెప్పింది: రెండు.' ఒక ఏడు డైరీ చూసుకోకుండా 'నాలుగు' అన్నాను. మామ రెండు రోజులు దిగాలుగా తిరిగి, వెళ్ళేటప్పుడు నా భుజం పట్టుకుని, "మన్ను కలిసినట్టుందిరా సరుకుల. మంచిగ దులిపియ్యి" అని చెప్పి బస్సెక్కాడు. ఇప్పుడు మామ లేడు. రెండు, రెండు, నాలుగు, రెండు అని ఆ అంకెలు మాత్రం నా డైరీల్లో వరుసగా ఉన్నాయి.

మనుమరాలు నా భుజం మీదుగా ఆ పేజీలన్నీ చదివింది. కడుపు పట్టుకుని నవ్వింది, చివరి పేజీల దగ్గర నవ్వడం మానేసింది. నెల తిరగకుండా మిగతా రౌండ్లు కూడా గట్టెక్కి ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు అదే కుర్చీలో కూర్చుని పనిచేస్తోంది. తెర మీద రంగురంగుల గీతలు లేస్తాయి, పడతాయి. పద్ధతిగా ఉండేవాణ్ని కదా, నిన్న ఆగలేక అడిగాను. "ఇంతకీ నువ్వు చేసేదేంది బిడ్డా? ఏం తూస్తవు, ఏం కాలుస్తవు?" చెప్పడానికి ప్రయత్నించింది. రెండు వాక్యాలు దాటేసరికి నా ముఖం చూసి ఆగిపోయింది. తెర వైపు తిరిగి, చాలా గంభీరంగా అంది:

"మంచి సరుకే తాతా. బూడిద నూటికి రెండే."

నేను తల ఊపి, గదిలోకి వచ్చి, ఆ అంకెను డైరీలో రాసుకున్నాను.