ఇంటి నుంచి ఇంటికి

ఈ ఉదయం ప్రింటరులోంచి టికెట్టు కాగితం వెచ్చగా చేతికి తగిలితే సత్యవతిగారు గుర్తొచ్చారు. నరసాపురం బస్టాండు ఎదుట ఆవిడ విమాన టికెట్ల దుకాణంలో రెండేళ్లు పనిచేశాను. హైదరాబాదులో పెరిగి, మేనేజరుతో గొడవపడి ఉద్యోగం మానేసి, పిన్ని ఇంట్లో ఉంటూ అక్కడ చేరాను. ఎవరేం అడిగినా ఫోన్లో చూసి ఠక్కున చెప్పేదాన్ని. మస్కట్ నుంచి హైదరాబాదు ఎంత దూరం? రెండు వేల కిలోమీటర్ల పైన. ఎంతసేపు? మూడున్నర గంటలు. సత్యవతిగారు మాత్రం టికెట్టు వెనక పెన్సిలుతో ఇంటి నుంచి ఇంటికి మొత్తం ప్రయాణం రాసేవారు. ఎయిర్‌పోర్టులో వరుసలు, దిగాక సామాన్ల కోసం నిలబడటం, కారు కోసం వెతకడం, దారిలో టీ, అన్నీ. "ఇదంతా ఎవరు చదువుతారండీ?" అని నవ్వితే, "ఎదురుచూసేవాళ్లు చదువుతారమ్మా" అనేవారు.

ఆవిడ అన్నవరం వ్రతానికి వెళ్లిన రోజు సాయంత్రం శ్రీనుగారనే రైతు వచ్చారు. తండ్రి పోయారు. చెల్లెలు పద్మ మస్కట్‌లో వంటపని చేస్తోంది. ఆ రాత్రి విమానానికే టికెట్టు తీసి, హైదరాబాదు నుంచి ఊరికి కారు మాట్లాడాను.

"ఇంటికి ఎన్నింటికొచ్చేస్తదండి?"

తెల్లవారి ఐదింటికి హైదరాబాదులో దిగుతుంది. రోడ్డు ఏడు గంటలని ఫోను చూపించింది. "పన్నెండింటికల్లా మీ గుమ్మంలో ఉంటారు" అన్నాను. కాగితం వెనక ఏమీ రాయలేదు.

మర్నాడు పన్నెండున్నరకు ఆయన ఫోను. "ఏదమ్మా మా చెల్లి? ఇంకా విజయవాడే రాలేదంట! పెద్దోళ్లు ఎత్తేద్దామంటున్నారు."

నాకు ఒళ్లు మండింది. "విమానం నేను నడిపానా అండీ?" అని అరిచాను.

అప్పుడే ఊరి నుంచి వచ్చిన సత్యవతిగారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. "తప్పు మాదేనండి శ్రీనుగారూ. ఎత్తకండి, వస్తున్నాను."

స్కూటరు మీద నన్నూ తీసుకెళ్లారు. వాకిట్లో పాడె సిద్ధంగా ఉంది. పద్మ బాబాయి లేచి నిలబడ్డాడు. "ఏవండోయ్, పన్నెండన్నారు. ఇప్పుడెంతంటారు? పొద్దు వాలిపోతే ఎవరిదండీ పూచీ?"

పద్మ వస్తున్న కారు డ్రైవరుకు ఫోను చేసి మాట్లాడాకే ఆవిడ జవాబిచ్చారు. "నాలుగండి. పన్నెండని చెప్పింది నా దుకాణమే. అమ్మాయి వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను." నా వైపు చూడను కూడా లేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని, అరగంటకోసారి డ్రైవరుకు ఫోను చేసి అందరికీ వినిపించేలా చెప్పారు. ఏలూరు దాటారండి. తాడేపల్లిగూడెం. భీమవరం. ఊరి పేరు విన్నప్పుడల్లా లేచిన బాబాయి మళ్లీ కుర్చీలో కూర్చునేవాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు కారు ఆగింది. పద్మ చెప్పులతోనే పరుగెత్తి తండ్రి పాదాలు పట్టుకుంది.

తిరిగొస్తూ ఏడ్చేశాను. "నా పేరు చెప్పాల్సిందండీ."

"చెప్తే నిన్ను నాలుగు తిట్టేవాళ్లు. కారు తొందరగా వచ్చేదా?"

ఇప్పుడు రాజమండ్రిలో నాకో చిన్న దుకాణం ఉంది. కోపం తగ్గిందని చెప్పను. నిన్న ఒకాయన ఫోన్లో అరిచాడు. వాళ్లమ్మగారి విమానం వేళ నేనే తప్పు చెప్పాను. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "ఎక్కడున్నారండీ, వస్తున్నాను" అని షట్టరు దించాను.