చెరిగిపోయిన మంగళవారం

మా ఇంటి ముందు గదిలోనే మగ్గం. చీరల అంచులకు, కొంగులకు కావలసిన పట్టు నూలు ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది. గద్వాలలో మా పక్క వీధిలో దొంగలు పడ్డాక మామ భయపడి కెమెరా పెట్టిద్దామన్నాడు. మామా, కోడల్ని నేనూ కొత్తకోటలో ఒక దుకాణానికి వెళ్లాం.

దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఒకదాంట్లో వీడియోలను కంపెనీయే దాచిపెడుతుంది, నెలనెలా డబ్బు కట్టాలి. రెండోదాంట్లో చిన్న కార్డు వేస్తారు, కట్టేదేమీ లేదు.

"మన ఇల్లు మనం చూసుకునేదానికి కిరాయి ఏంది?" అన్నాడు మామ.

"అయితే జర పెద్ద కార్డు తీస్కో పెద్దాయనా. చిన్నది జల్ది నిండుతది. నిండినంక పాత వీడియో దానంతట అదే చెరిగిపోతది."

మామ చిన్నదే తీసుకున్నాడు. తలుపు తెరిస్తే ఫోనుకు కబురు పంపే సెన్సర్ కూడా కొన్నాం. దానికీ నెలనెలా కట్టే పని లేదు.

మాకు రాట్నం మీద నూలును కండెలుగా చుట్టడానికి ఒకామె వచ్చేది. నాకంటే పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఒక మంగళవారం మేమంతా బీచుపల్లి గుడికి పోతూ, వచ్చి కండెలు చుట్టి పెట్టమని తాళంచెవి ఆమెకిచ్చాం. ఆ తర్వాత ఒకటి రెండు వారాలకు చూసుకుంటే ఎర్ర పట్టు కట్ట కనబడలేదు.

అత్త ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టింది. మంగళవారం మధ్యాహ్నం తలుపు తెరుచుకుందని అందులో ఉంది.

"నువ్వే గదా వచ్చింది?"

"మీరు రమ్మంటేనే వచ్చిన అమ్మా. కెమెరా ఉంది గదా, చూడుండ్రి. నేను ఏం చేసిన్నో అండ్ల కనబడతది."

నా భర్త వీడియోలు తెరిచాడు. మంగళవారం లేదు. కార్డు నిండి, దాని మీద కొత్త రోజులు పడ్డాయి. ఆమె నమ్మలేక తెర మీద వేలు పెట్టి వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతూనే ఉంది.

"చెరిగిపోయిందని తెలిసే చూడమంటున్నది," అంది అత్త. ఆమెను వాకిట్లోకి లాక్కొచ్చి, వాడంతా వినేట్టు దొంగ అని, అందరి ముందూ కొంగు దులిపించింది.

"అక్క గట్ల చెయ్యదు అత్తమ్మా," అన్నాను.

"నువ్వు పోయి మగ్గంల కూసో," అన్నాడు మామ.

ఆ తర్వాత వాడలో ఎవరూ ఆమెకు పని ఇవ్వలేదు.

కొన్నాళ్లకు రంగులద్దే ఆయన ఎర్ర పట్టు కట్ట తెచ్చి గడప మీద పెట్టాడు. రంగు సరిగా పట్టలేదని మామే దాన్ని మళ్లీ అద్దడానికిచ్చి మరిచిపోయాడు. మామ బయటికి వెళ్లిపోయాడు. అత్త కట్టను లోపల పెట్టి, "ఈ ముచ్చట బయట అనకుండ్రి," అంది.

మర్నాడు నేను అక్క ఇంటికి వెళ్లాను. పత్తి చేలో కూలికి పోయి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పట్టు దొరికిందని చెప్పాను. చెంబు కింద పెట్టింది.

"వాకిట్ల నిలబెట్టి దొంగన్నది. గదే వాకిట్ల నిలబడి కాదని చెప్పమను అమ్మా," అంది.

నన్ను చెల్లె అనలేదు.

ఆ మాట అత్తకు చెప్పాను. "కూలిదాని కాళ్లు మొక్కాల్నా నేను?" అంది.

ఈ మధ్య కండెలకు ఇంకొకామెను పెట్టుకున్నారు. రాట్నం ఉన్న మూలకు అత్త మరో కెమెరా పెట్టించింది. "ముందున్నామె దొంగది, అందుకే గిది," అని మొదటి రోజే కొత్తామెకు చెప్పింది.

"దొంగ కాదు. పట్టు దొరికింది," అన్నాను మగ్గం ఆపి.

అత్త టీవీ గొంతు పెంచింది. కొత్తామె ఎవరి వైపూ చూడలేదు. కెమెరాకు చేతులు రెండూ కనబడేట్టు జరిగి కూర్చొని, రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.