ముడుల జంపఖానా

నా చిన్నప్పుడు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. ఏడో తరగతి అయిపోయిన ఆ ఎండాకాలం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. వరంగల్‌లో మా బస్తీ బడి ఏడుతో సరి. హన్మకొండ హాస్టల్లో సీటయితే దొరికింది గాని, పక్కబట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. అవి లేకుంటే నా చదువు అక్కడితో ఆగిపోయినట్టే.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. అందరికీ నేసిచ్చి మేం గోనెసంచుల మీద పడుకునేవాళ్లం. నూలు సేటుది, నేసిందీ సేటుదే. ఒక్కటి ఉంచుకుందామంటే మా బాపు తల అడ్డంగా ఊపాడు. పడుగు అయిపోయాక మగ్గానికి మిగిలే జానెడు నూలు కొసలు మాత్రం నేసినవాళ్లవే. వాటితో మేకను కట్టేసేవాళ్లం, లంగా నాడాలు పేనుకునేవాళ్లం. మా నాయనమ్మ బాపు కాదన్న ఆ రోజు నుంచి ఒక్క కొసను బయటికి పోనివ్వలేదు. చివరికి నా నాడా కూడా గుంజుకుంది. పొద్దంతా సేటు పని, అది కాగానే నా జంపఖానా కోసం కొసకు కొస ముడేయడం, ముడేసినంత నేయడం.

నాకేమో ప్రాణం ఆగేది కాదు. నాలుగు ముడులేసి వాకిట్లోకి, వచ్చి కొలిచి చూసి మళ్లీ వాకిట్లోకి, కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

"ఊకె కొలుస్తే పెరుగుతదా? జర కూసో, ముడెయ్యి" అనేది నాయనమ్మ తలెత్తకుండానే.

బయల్దేరే రోజు రానే వచ్చింది. పరిచి పడుకుని చూస్తే జంపఖానా మోకాళ్ల దగ్గరే అయిపోయింది. కొసలూ అయిపోయాయి. నేను ఒకటే ఏడుపు. వచ్చే ఏడు పోదువులే అంది అమ్మ. నాయనమ్మకు అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు.

"ఏడాది ఆగితే పిల్ల మగ్గం కాడనే కూసుంటది. కాళ్లు ముడుచుకొని పండుకో బిడ్డా. ఉన్నకాడికి తీస్కపో, మిగిలింది నేను నేస్త. ఫికర్ చెయ్యకు."

చుట్టి నా చంకలో పెట్టి, తనే వచ్చి బస్సెక్కించింది. దసరా సెలవులకు వెళ్లేసరికి మిగతా ముక్క నేసి ఉంచింది. రంగు కలవలేదు. అయినా రెండూ కలిపి కుట్టింది. దాని మీదే పదో తరగతి దాటాను.

అన్నీ అమరాక మొదలుపెడదామని ఎవరన్నా అంటే ఇప్పటికీ నాకు కూర్చోబుద్ధి కాదు. ఉన్నంతలో లేచి బయల్దేరతాను. ఇంట్లో ఇప్పుడు నా నిలువుకు సరిపడా మంచముంది. నిద్రలో నా కాళ్లు మాత్రం ముడుచుకునే ఉంటాయి. మెలకువ వచ్చినా చాపుకోవడానికి నాకే మనసొప్పదు.