లెక్కలో లేని తడిగుడ్డ

ఆ రోజుల్లో నా లోకం చదరంగా ఉండేది. వెయ్యి మీటర్ల పొడవు, వెయ్యి మీటర్ల వెడల్పు, అంతే. అందులో గోడ లేదు, చెట్టు లేదు, వాన లేదు. కంప్యూటర్ తెర మీద యాభై చుక్కలు తిరిగేవి, అవే మనుషులు. ప్రతి చుక్కా ఏదో ఒక చోటికి తిన్నగా నడిచి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ ఇంకో చోటికి బయలుదేరేది. ఎందుకు పోతోందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. ఒక సాయంత్రం మా అమ్మ కాఫీ గ్లాసుతో నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "ఏమే, వీండ్లకి ఇల్లూ వాకిలీ లేదా? పనీపాటా లేకుండా ఇట్ల తిరగతా ఉండారే!" అంది. నాకు ఒళ్ళు మండింది. నేను ఎం.ఇ. చదివేదాన్ని. వైర్‌లెస్ నెట్‌వర్కులను పరీక్షించడానికి లోకమంతా ఒప్పుకున్న పద్ధతి ఇదని చెప్పాను. "అట్లనా, సరి" అని గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది. (మా అమ్మ 'సరి' అందంటే సరిగా లేదని అర్థమని అప్పటికింకా నాకు తెలియదు.)

నా ప్రాజెక్టు ఏమిటంటే, తమిళనాడులో మా రాజపాళయం పక్కనే సత్రపట్టిలో మా చిన్నాయనకు బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డు ఉంది. ఒక వైపు మగ్గాలు, ఎదురుగా ఆఫీసు గది, మధ్యలో పొడుగాటి మైదానం. ఏ మగ్గం ఆగినా ఆ కబురు తీగ లేకుండా ఆఫీసుకు చేరాలి. అందుకు రెండు చిన్న పెట్టెలు తయారు చేశాను, షెడ్డులో ఒకటి, ఆఫీసు కిటికీలో ఒకటి. ముందు కంప్యూటర్లో ఆ మైదానాన్ని గీసి చూశాను. వంద కబుర్లు పంపితే వందా చేరాయి. అసలు చోట కూడా కొలవాలి కదా. "పనిజేసేవాండ్లకి అడ్డం నిలబడగూడదు, ఆదివారం పో" అని అమ్మ చెప్పింది. అది న్యాయంగానే తోచింది. మూడు ఆదివారాలు వెళ్ళాను. మైదానం అద్దంలా ఖాళీగా ఉంది. అక్కడా వందకు వందా చేరాయి. కంప్యూటర్ చెప్పింది, లోకం విన్నది! ఆ గర్వంలో నాలుగో అధ్యాయంలో 'వాస్తవ పరిస్థితుల్లో పరీక్షించబడినది' అని కూడా రాసేశాను.

మా గైడుకు 'ఆనా సార్' అని పేరు. ఏం చూపించినా మెచ్చుకుని, చివర్న 'ఆనా...' అనేవారు. ఆనా అంటే తమిళంలో 'కానీ'. ఈసారి ఆయన, "చాలా బాగుంది. ఆనా బయటి కాలేజీనుంచి వచ్చే ఎగ్జామినర్ దాన్ని కళ్ళారా చూస్తానన్నారు. బుధవారం పది గంటలకు" అన్నారు. అది పని చేయకపోతే డిగ్రీ ఆగిపోతుంది. కోయంబత్తూరులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, ఆనా జూన్‌లో డిగ్రీ చేతిలో పెట్టుకుని రమ్మంది. (చూశారా, ఆ జబ్బు నాకూ అంటుకుంది.) ఊళ్ళో అప్పటికే మా అమ్మ సగం మందికి ఆ కబురు చెప్పేసింది.

బుధవారం ఎనిమిదిన్నరకు వెళ్ళేసరికి నా మైదానం లేదు. ఈ కొసనుంచి ఆ కొసవరకు వరస వెనక వరసగా తాళ్ళు, వాటిమీద ఉతికి పిండిన తెల్లగుడ్డ. నీళ్ళు కారుతున్నాయి. పెట్టె పెట్టి వంద కబుర్లు పంపాను, ఒక్కటీ చేరలేదు. బ్యాటరీ మార్చాను. వైర్లు మార్చాను. పెట్టెను ఒక తట్టు తట్టాను. (ఎం.ఇ.లో నేర్పనిది అదొక్కటే, అన్నిటికంటే ఎక్కువ వాడేదీ అదే.) ఒక డ్రమ్ము ఎక్కి పెట్టెను రెండు చేతులతో పైకెత్తి నిలబడ్డాను. గుడ్డలు ఆరేసే ఆడవాళ్ళందరూ పని ఆపి నన్నే చూస్తున్నారు.

వాళ్ళ పెద్ద కొడి అక్క. గుడ్డ ఆరేసే తాడును మా వైపు కొడి అంటాం. ఆ తాళ్ళన్నీ ఆమె అధీనం కాబట్టి ఆ పేరు. ఆమె దగ్గరికొచ్చి, "ఏమి పాపా, సామికి మొక్కతా ఉండావా?" అంది. తడిగుడ్డలో రేడియో తరంగాలు ఇంకిపోతున్నాయని నాకు అప్పటికి తట్టింది. "అక్కా, ఒక్క గంటసేపు ఈ గుడ్డలన్నీ తీసేస్తావా? పరీక్ష చేసే ఆయన వచ్చి పోయినాక మళ్ళీ వేసుకోవచ్చు" అని బతిమాలాను.

"తీసి యాడ పెట్టేది? నేల మిందనా? ఇది ఎవురి పుండుకో కట్టే గుడ్డ పాపా. మన్ను అంటితే నువ్వు కట్టుకుంటావా?"

చిన్నాయన వైపు చూశాను. యజమాని ఆయనే, కానీ మైదానంలో కొడి అక్క మాటకు ఎదురు లేదు. ఆయన ఆకాశం వైపు చూశాడు.

ఎగ్జామినర్ సరిగ్గా పది గంటలకు వచ్చారు, వెనకే ఆనా సార్. వంద పంపాను, సున్నా చేరింది. "సార్, పోయిన ఆదివారం పని చేసింది సార్" అన్నాను.

"సంతోషం. ఆదివారం మగ్గాలు ఆడతాయా అమ్మా?" అన్నారాయన.

ఆనా సార్‌కు కూడా 'ఆనా' రాలేదు. గుడ్డల వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. ఎగ్జామినర్ మాత్రం నవ్వలేదు. కుర్చీ తెప్పించుకుని, కొడి అక్కను పిలిచి, గుడ్డ ఎంతసేపటికి ఎండుతుందని అడిగారు. ఆమె తమిళంలో గడగడా చెప్పుకుపోయింది. కొండవైపు గాలి వీస్తే పదకొండుకే నీరు దిగిపోతుంది, మబ్బు పడితే మధ్యాహ్నం దాటుతుంది, సారల్ జల్లు పడే నెలల్లో సాయంత్రమైనా ఎండదు, అంచు వరసలు ముందు, నడిమి వరసలు చివర. అందరం టీ తాగుతూ గుడ్డ ఎండేదాకా కూర్చున్నాం. పదకొండు దాటాక ఆఫీసు కిటికీలో పెట్టె ఒక్కసారి 'కీ' మంది. ఒక్క కబురు చేరింది. కాసేపటికి ఇంకొకటి. ఒంటిగంటకు వరసగా కీకీమంటోంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమో అవమానమో తెలియలేదు.

ఆయన లేచి, "నువ్వు కొలిచింది ఆదివారాన్నమ్మా. నెట్‌వర్కు మిగిలిన ఆరు రోజులకు కావాలి. నాలుగో అధ్యాయం మళ్ళీ రాయి. ఎలా రాయాలో ఈమెను అడుగు" అని వెళ్ళిపోయారు. డిగ్రీ ఒక సెమిస్టరు వెనక్కి పోయింది. కోయంబత్తూరు ఉద్యోగం వేరే ఎవరికో పోయింది. ఊళ్ళో చెప్పినవాళ్ళందరికీ మళ్ళీ వెళ్ళి చెప్పే బాధ అమ్మకు పడింది.

ఆ సెమిస్టరంతా నోటు పుస్తకం పట్టుకుని కొడి అక్క వెనక తిరిగాను. ఏ వరస ఎప్పుడు ఆరేస్తారు, ఎప్పుడు తిప్పుతారు, టీ గంటకు ఎవరు ఏ దారిన పోతారు, అన్నీ రాశాను. ఒక్కో వరస గుడ్డను ఆమె ఒక కొస, నేనొక కొస పట్టుకుని తూకం వేసి, తడి లెక్క కట్టాం. నా చుక్కలన్నీ మెల్లగా పనున్న మనుషులయ్యాయి. తడి ఎక్కువైతే కబురును దాచిపెట్టి, ఆరాక పంపేలా పెట్టెకు నేర్పాను. రెండోసారి ఎగ్జామినర్ సంతకం పెట్టేటప్పుడు ఆనా సార్ కళ్ళు తుడుచుకున్నారు.

ఇన్నేళ్ళ తర్వాత, పోయిన నెల ఏదో వెతుకుతూ ఆ ప్రాజెక్టు పుస్తకం, నా ప్రతి, బయటికి తీశాను. మొదటి పేజీలో కృతజ్ఞతలు. ప్రిన్సిపాల్, గైడు, అమ్మానాన్న, చిన్నాయన, ఆఖరికి ల్యాబ్ తాళం తీసే ఆయన కూడా ఉన్నారు. కొడి అక్క లేదు. రాయాలంటే ఇనీషియలుతో సహా పేరు కావాలి, అది నాకు తెలియదు. అయిదు నెలలు వెంట తిరిగినా అడగాలని తోచలేదు.

మరునాడే సత్రపట్టి వెళ్ళాను. ఇప్పుడు ఆమె తాళ్ళ దగ్గరికి పోలేదు, నీడలో కూర్చుని గుడ్డ మడత పెడుతోంది. పేరడిగితే పగలబడి నవ్వింది. "ఇన్నేండ్లకి నా పేరెందుకు పాపా, ఓటరు కార్డు ఇప్పిస్తావా?" అంది. సంగతి చెప్పాను.

"గుడ్డ ఎండే నేరమంతా దాంట్లో సరిగ్గా రాసినావా?" (నేరమంటే మా వైపు వేళ, తప్పు కాదు.)

"రాసినానక్కా."

"అది సరిగ్గా ఉంటే సాలు" అని మళ్ళీ మడతపెట్టే పనిలో పడింది. తర్వాత, నేను లేవబోతుంటే, ఇనీషియలుతో సహా నిదానంగా పేరు చెప్పింది, రాసుకునే వీలుండేలా ఆగి ఆగి.

ఇంటికొచ్చి నా ప్రతిలో, ప్రిన్సిపాల్ పేరుకు పైన, ఆ పేరు రాశాను. కాలేజీ లైబ్రరీలో ఉన్నది మాత్రం అలాగే ఉంటుంది. ఒక్కో వరస గుడ్డలో ఎంత తడి ఉందో తూకం వేసి మరీ రాసుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ తూకంలో రెండో కొస పట్టుకున్న మనిషిని నీ పేరేమిటక్కా అని అడగడానికి దానికి ఇన్నేళ్ళు పట్టింది.