ఎవరో గుమాస్తా పొరపాటు

మా ఖాసదార్ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు దెగ్లూర్‌లో పొద్దుటి నుంచీ ముసురు. ఎంపీని మా నాందేడ్ జిల్లాలో ఖాసదార్ అంటారు. ఈయన ఒక పల్లెలో సోయాబీన్ పండించుకుంటూ, గ్రామ పంచాయతీ నుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కి ఢిల్లీ దాకా వెళ్లిన మనిషి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, అంచులు తడిసిన కాగితాలు నా ముందు పెట్టారు.

"బాయి, నాకు మరాఠీ అస్తది, తెలుగు అస్తది. హిందీ మాట్లాడబోతే మాత్రం అంతా ఖిచిడీ అయితది. ఆడ పెద్ద పెద్దోళ్లు ఉంటరు, నవ్వుతరు. జర సాఫ్ చేసి ఇయ్యుండ్రి."

పంతులమ్మను మా దగ్గర బాయి అని పిలుస్తారు. నేను దెగ్లూర్ నుంచి రోజూ ప్రభుత్వ బస్సులో అరగంట దూరంలోని పల్లెకు వెళ్లి, జిల్లా పరిషత్ బడిలో మరాఠీ, హిందీ చెప్పేదాన్ని. ఇంట్లో మాది తెలుగే. అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది.

కాగితాలు చదవడం మొదలుపెట్టాను. పార్లమెంటులో ఆయన లేవనెత్తబోయే సంగతి నా బడి ఉన్న పల్లెదే. నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న పిల్లదే.

ఆ పిల్లది కూలి కుటుంబం. తరతరాలుగా గుంటెడు భూమి లేదు. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై, రిజర్వేషన్ కింద నాందేడ్‌లో నర్సింగ్ సీటు తెచ్చుకుంది. అయితే కులం సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదు. అది నిజమైనదేనని ఒక పరిశీలన కమిటీ ఇంకో కాగితం ఇవ్వాలి. దాన్ని అందరూ వ్యాలిడిటీ అంటారు. గడువులోగా అది చూపించకపోతే సీటు పోతుంది. కమిటీ ఇవ్వలేదు. నిజాం కాలపు ఉర్దూ కాగితంలో వాళ్ల ముత్తాత కులం పేరు మధ్యలో 'డ' ఉంది. ప్రభుత్వ జాబితాలోనూ 'డ' ఉంది. పిల్ల బడి రికార్డులో మాత్రం అదే చోట 'ర' ఉంది. ఇద్దరిదీ ఒకే కులమని రుజువేమిటని కమిటీ అడిగింది.

నాయనమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని ఖాసదార్ ఇంటి ముందు రెండు రోజులు కూర్చుందట. సరిహద్దు పల్లెల్లో ఇలా ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయిన ఇళ్లు ఇంకా ఉన్నాయని ఆయనకు తెలుసు. జాబితాను మార్చే అధికారం పార్లమెంటుకే ఉంది కాబట్టి, రెండు పలుకులూ అందులో చేర్చమని అక్కడే అడుగుతానని మాట ఇచ్చారు.

ఆయన రాసుకున్నదాంట్లో ఒక వాక్యం ఉంది. ఎవరో గుమాస్తా పొరపాటు వల్ల ఒక ఆడపిల్ల బతుకు ఆగిపోయింది, అని.

కింద కమిటీకి ఇచ్చిన జిరాక్సులు ఉన్నాయి. వాటిలో ఒకటి మా బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు రాసే రిజిస్టరు పేజీ. పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, కులం. కులం పేరులో 'ర' తోక గీత దాటి కిందికి దిగి ఉంది. మరాఠీ 'ర' నేను అలాగే రాస్తాను. మా బడిలో ఇంకెవరూ అలా రాయరు.

ఆ పిల్లను బడిలో చేర్చిన రోజు నాకు బాగానే గుర్తుంది. తండ్రి పత్తి చేను నుంచి నేరుగా వచ్చాడు. కులమేమిటని అడిగితే తెలుగులో చెప్పాడు, 'డ' తోనే. నేను తెలుగుదాన్ని, స్పష్టంగానే విన్నాను. కానీ ఊళ్లో మరాఠీ వాళ్లు ఆ పేరును 'ర'తో పలుకుతారు. పక్కనే కూర్చున్న హెడ్‌మాస్టరు మరాఠీ ఆయన. మన పలుకు మోటు, రికార్డులో ఉండాల్సింది వాళ్ల పలుకే అనిపించింది. రాసి చూపించాను. చదువు రాని ఆ మనిషి తలూపి వేలిముద్ర వేశాడు. పొరపాటు అనడానికి కూడా వీల్లేదు. తెలిసే మార్చాను.

"ఏమైంది బాయి, నా అక్షరాలు సమజ్ అయితలేవా?" అన్నారు ఖాసదార్.

"అవుతున్నాయి సాహెబ్."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ ఎంట్రీ నాదేనని, తండ్రి చెప్పింది వేరని నేను రాసి ఇస్తే కమిటీకి అదొక ఆధారమయ్యేది. గడువుకు ఇంకా రెండు నెలలున్నాయి. కానీ విచారణ వేస్తారు, పెన్షను ఆగుతుంది, ఇన్నేళ్ల మంచిపేరు పోతుంది అని భయపడ్డాను. పార్లమెంటులో మాట్లాడితే జాబితాయే మారుతుంది, అప్పుడు నా అక్షరం ఎవరికీ పట్టదు అని కూడా నన్ను నేను నమ్మించుకున్నాను. అంత పెద్ద సభ నా తప్పును కప్పుతుందని ఆశపడ్డాను.

సభ లేని రోజుల్లో ఆయన వచ్చి మా ముందు గదిలో నిలబడి చదివేవారు. మూడు నిమిషాల్లో ముగించాలి. మరాఠీ మాటలు తీసి హిందీ మాటలు పెట్టేదాన్ని. గుమాస్తా వాక్యం వచ్చినప్పుడల్లా తల వంచుకునేదాన్ని.

ఒకసారి అడిగాను. "ఈ వాక్యం తీసేద్దామా సాహెబ్? ఎవరినో అన్నట్టు ఉంటుంది."

"ఉండనియ్యుండ్రి బాయి. తప్పు ఎవరో ఒకరిది ఉంటది గదా. అది చెప్పకుంటే ఆ పిల్లదే తప్పు అంటరు."

జీరో అవర్‌లో మాట్లాడాలంటే లాటరీలో పేరు రావాలట. మొదట రాలేదు. రెండోసారి వచ్చింది కానీ గొడవతో సభ వాయిదా పడింది. ఢిల్లీ నుంచి ఫోన్ చేసి, "పొద్దుగాల నుంచి కాగితం చేతుల పట్టుకోనే కూసున్న బాయి, పిలువనే లేదు," అన్నారు. ఆ గొంతులో అలసట వినబడింది. మూడోసారి ఆయన్ను పిలిచేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ కబురు పెడితే బడి నుంచి వాళ్లింటికి వెళ్లాను. చిన్న ఫోను తెర చుట్టూ వాడకట్టంతా మూగింది. మా ఖాసదార్ లేచి నిలబడ్డారు. చుట్టూ చాలా కుర్చీలు ఖాళీ. నేను నేర్పిన హిందీ ఒక్క మాట తడబడకుండా చెప్పారు. ఊరి పేరు వినబడగానే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. గుమాస్తా మాట వచ్చినప్పుడు ఎవరో, "వాని చేతులు ఇరుగ," అన్నారు. జాబితా గురించి అసలు మాట అడుగుతుండగా మైకు ఆగిపోయింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆపైన ఇంకొకరు లేచి తమ ఊరి రైలు గురించి మొదలుపెట్టారు.

"అయిపోయిందా?" అంది నాయనమ్మ. "మరి సీటు ఇస్తరంటనా?"

నన్ను బస్సు ఎక్కించడానికి పిల్ల వెంట వచ్చింది. సగం దారిలో, ముందుకే చూస్తూ అంది.

"బాయి, ఆ గుమాస్తా ఎవరో నాకు ఎరుకే."

నేను ఆమె వైపు తిరిగాను.

"కమిటీ ఆఫీసుల ఆ జిరాక్సు చూసిన నాడే గుర్తు పట్టిన. నా పలక మీద మీరు దిద్దిచ్చిన అక్షరమే గదా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"మా నాయినమ్మ మీ పేరు చెప్పి దండం పెడ్తది. ఎట్ల చెప్పాలె?" నడుస్తూనే, "మీరే చెప్తరేమో అని చూసిన," అంది.

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

ఆ వారంలోనే కమిటీ ఆఫీసుకు వెళ్లి రాసి ఇచ్చాను. ఇన్నాళ్లూ ఏం చేశారని అక్కడి అధికారి అడిగాడు. భయపడ్డానన్నాను. నా వయసు చూసి జాలిపడ్డాడేమో, ఆలస్యానికి కారణం అనారోగ్యమని రాయబోయాడు. వద్దన్నాను. నేను చెప్పిందే రాయించి సంతకం పెట్టాను. అందువల్ల పిల్లకు ఒరిగిందేమీ లేదు. అప్పటికే ఆ సీటు ఇంకొకరికి వెళ్లిపోయింది.

ఖాసదార్ ఊరికి వచ్చాక వాళ్లింటికి వెళ్లి చెప్పాను.

"అంత పెద్ద సభల నిలబడి ఎవరో గుమాస్తా అన్న బాయి. ఆ మాట మీ ముంగటనే ఎన్నిసార్లు చదివిన!"

కోపం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. ఆయన మళ్లీ మా ఇంటికి రాలేదు. తర్వాతి సమావేశాల్లో చెరకు రైతుల గురించి మాట్లాడుతుంటే టీవీలో చూశాను. సగం మరాఠీ, సగం హిందీ. పక్కన ఎవరో నవ్వుతున్నారు. ఆయన ఆగకుండా చెబుతూనే ఉన్నారు.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి ఆయనకు జవాబు వచ్చింది. రాష్ట్రం నుంచి ప్రతిపాదన వస్తే పరిశీలిస్తామని ఉంది. దాన్ని పట్టుకుని ముంబైకి రెండుసార్లు తిరిగారని విన్నాను. తర్వాతి ఎన్నికల్లో ఆయనకు టికెట్ ఇవ్వలేదు. ఇప్పుడు ఊళ్లో సోయాబీనే వేస్తున్నారు. ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు. నా మీద విచారణ పేరుకు జరిగి ఒక మందలింపుతో ముగిసింది. పెన్షను ఆగలేదు.

నాయనమ్మకు కూడా నేనే చెప్పాను. ముసలామె గడపలో కూర్చుని కంది పప్పు చెరుగుతోంది. విని, చేట పక్కన పెట్టింది.

"తప్పు రాస్తే దిద్దరాదా బాయి? పిల్లగాండ్లయి దినాం దిద్దుతవు గదా."

తిట్టినా బాగుండేది. లోపలికి పోయి నాకు చాయ్ పెట్టి తెచ్చింది. ఇద్దరం గడపలో కూర్చుని తాగాం.

పిల్ల ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేస్తోంది. పోయిన చలికాలం వెళ్లి చూసి వచ్చాను. ఒక ముసలాయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వరండాలో ఎదురైంది. ఆయన్ని వార్డులో దింపి వచ్చి, నాకు మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుంది. మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగింది. చదువు సంగతి నేను ఎత్తబోతే, "ఆ ముచ్చట ఇప్పుడెందుకు బాయి," అంది. ఇంతలో లోపలి నుంచి ఒక నర్సు ఆమెను కేకేసింది. అస్తున్న అక్కా, అని లేచి పోయింది. నేను గ్లాసు బెంచీ మీద పెట్టి, కాసేపు అక్కడే కూర్చుని, దెగ్లూర్ బస్సుకు బయల్దేరాను.