అయ్యగారి గదిలో లైటు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే వచ్చే పచ్చి వాసనకు ఇప్పటికీ అయ్యగారి గొంతు వినిపిస్తుంది. గుంటూరు వైపు పాస్టరుగా చేసి, పెద్దతనంలో కూతురు సునీత దగ్గరికి వచ్చారు. అమెరికాలో, నేపర్‌విల్‌లో మా అబ్బాయి ఇంటికి రెండిళ్ళ అవతలే వాళ్ళ ఇల్లు. మధ్యాహ్నాలు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తాను తెలుగులో రాస్తున్న పుస్తకం చదివేవారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లాండులో ఉన్న ఒక పాస్టరు జీవితం అది. రాజు చెప్పినట్టు ప్రార్థన చేయనన్నందుకు ఆయన్ను గుడిలోంచి వెళ్ళగొట్టి జైల్లో పెట్టారట. లోపల ఉండగానే బిడ్డ చనిపోయింది. ఒక్క సంతకం పెడితే వదిలేస్తామన్నా పెట్టకుండా, అక్కడే కూర్చుని పుస్తకాలు రాశాడు.

నేను చదివింది ఐదో తరగతి. ఆయన చదువుతుంటే ఈనెలు తీసేదాన్ని. నా చెయ్యి ఆగిందంటే ఆ వాక్యం ఎక్కడో తట్టుకుందని ఆయన లెక్క. వెంటనే పెన్సిలుతో గీత పెట్టేవారు. ఒకరోజు, ఆ జైలు పాస్టరు చలికి వణుకుతూ, దేవుడు వింటున్నాడో లేదోనని భయపడ్డాడని చదివారు. నా చెయ్యి ఆగిపోయింది.

“అది తీసేయండి అయ్యగారూ. గట్టి మనిషన్నారు, ఇప్పుడు పిరికివాడని రాస్తారేంటి?”

“ఆయనే రాసుకున్నాడమ్మా. భయపడ్డాడు, అయినా సంతకం పెట్టలేదు. భయం తీసేస్తే ఇక మిగిలేది బొమ్మే.”

“బొమ్మైతే నయం, అన్నం అడగదు.”

దగ్గు వచ్చేదాకా నవ్వారు. వాక్యం మాత్రం కొట్టేయలేదు.

ఆ దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో క్యాన్సరన్నారు. చలికాలానికి మంచం హాల్లోంచి కిటికీ గదిలోకి మార్చారు. సునీత ఆఫీస్‌కి వెళ్ళినప్పుడు నేను కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం, మంచు వెలుగు చాలుగదా అని లైటు ఆర్పాను.

“వేసి ఉంచండమ్మా.”

“నిద్ర పడుతుందని.”

“భయంగా ఉంది.”

ఎంతమందికో చివరి ప్రార్థన చేసిన మనిషి. బైబిలు చదవనా అన్నాను. వద్దని తలూపి నా చెయ్యి పట్టుకున్నారు. “నన్ను బొమ్మను చేయకండి” అన్నారు. సునీత ఇంకా దారిలో ఉండగానే పోయారు. లైటు వెలుగుతూనే ఉంది.

చివరి ఘడియలో దగ్గరున్నవాళ్ళు సమాధి ఆరాధనలో సాక్ష్యం చెప్పడం మావాళ్ళ ఆనవాయితీ. పోయినవారు ప్రభువును స్తుతిస్తూ, నవ్వుతూ వెళ్ళారని చెబుతారు. సునీత నన్ను పక్కకు పిలిచింది.

“ఆంటీ, డాడీ పీస్‌ఫుల్‌గా వెళ్ళారని చెప్పండి, చాలు. నాకు అదొక్కటి కావాలి.”

ఏడ్చి ఏడ్చి వాచిన ముఖం. కాదనడం నాకు మాత్రం సులువా? మైకు దగ్గర నిలబడ్డాను.

“అయ్యగారు భయపడ్డారు. లైటు ఆర్పొద్దన్నారు. చివరిదాకా పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏమని ప్రార్థించారో నాకు వినబడలేదు.”

ఎవరూ ఆమెన్ అనలేదు. సునీత తల ఎత్తలేదు. ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు.

ఇంట్లో ఎక్కడ లైటు ఊరికే వెలుగుతున్నా ఆర్పేస్తాను. మనవరాలు నన్ను కరెంటు పోలీస్ అంటుంది. నా మంచం పక్కది మాత్రం రాత్రంతా ఉంచుతున్నాను. మొన్న ఆ పిల్ల గుమ్మంలో నిలబడి, “మరి ఇదెందుకు నానమ్మా?” అని నిలదీసింది.

“భయం” అన్నాను.